పైకంచానికి, 14వ అంతస్తు నుంచి

మిడ్‌గార్ మహానగరపు పైకంచం గారికి నమస్కారాలు.

‘ఫైనల్ ఫాంటసీ 7’ వీడియో గేమ్‌లో, పేదల బస్తీలకు పైన స్తంభాల మీద నిలబడి ఉన్నవాళ్ల ఇళ్లు మోసే మిమ్మల్ని ప్లేటు అంటారు. నాకు కంచం అనడమే బాగుంది. వడ్డించినదంతా పైవాళ్లకు, కంచం నీడ కిందివాళ్లకు. పైన పటారం, లోన లొటారం అంటారు కదా, మీ విషయంలో లొటారం కింద ఉంది, అంతే తేడా.

1997లో ఆ ఆట వచ్చినప్పుడు మీరు నేలకు 50 మీటర్ల ఎత్తున ఉండేవారు. 2020 రీమేక్ నాటికి 300 మీటర్లు. ఆరు రెట్లు! బెంగళూరు ఇంటి ఓనర్ల దగ్గర ఏమైనా శిక్షణ పొందారా?

మీ కింద ఒకప్పుడు ఎనిమిది ఊళ్లుండేవి. వాటి పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు, సెక్టారు నంబర్లే మిగిలాయి. మా బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనూ ఏడు సెక్టార్లు. మనం ఏ ఊరి పొలాల మీద ఉంటున్నామని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఇక్కడ పార్కింగ్ విషయాలు మాత్రమే రాయాలన్నారు.

మీకు కరెంటిచ్చే ఎనిమిది మాకో రియాక్టర్లు భూమి ప్రాణాన్నే తోడేస్తాయట. మా బోర్లు పాపం నీళ్లే తోడాయి, అవి అయిపోయేదాకా.

మీ రైల్లో ప్రయాణికుల గుర్తింపును యంత్రం తనిఖీ చేస్తుంటే నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ గేటు దగ్గర రోజూ ఫోటో దిగి లోపలికి వస్తుంది, వెళ్లేటప్పుడు సంచి విప్పి చూపిస్తుంది. అది భద్రత. ఆవిడది మదనపల్లె, మాది చిత్తూరు. భాష ఒకటే, లిఫ్టులే రెండు.

మొన్న రాత్రి అసలు ఘట్టానికి వచ్చాను. మీ నగరాన్ని ఏలే షిన్రా కంపెనీ ఏడో సెక్టారు పేదల మీద మిమ్మల్ని బోర్లించి, నేరం తిరుగుబాటుదారుల మీదకు నెట్టబోతోంది. ఆపాలని కథానాయకుడు క్లౌడ్ మిమ్మల్ని మోసే స్తంభం మెట్లెక్కుతున్నాడు. నా కళ్లు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే ఫోను. బిరియాని తెచ్చిన కుర్రాడు.

“సార్, సర్వీసు లిఫ్టు పనిచేయడం లేదట. రెండోది ఎక్కనివ్వడం లేదు. మీరు కిందికి వస్తారా?”

ఆటనైతే ఆపవచ్చు, ఆవేశాన్ని ఆపలేం కదా. కింద అంతమంది ప్రాణాలు నా చేతుల్లో ఉన్నాయి. మెట్ల మీదుగా రమ్మన్నాను.

ఇద్దరం ఎక్కుతూనే ఉన్నాం.

ఇట్లు,
మీ అభిమాని,
14వ అంతస్తు, తూర్పు ముఖం

తా.క. బిరియాని చల్లారిపోయింది. ఒక స్టార్ తగ్గించాను.