కుటుంబంతో మైపాడు: వాళ్ళు కారులో, నేను రోడ్డు మీద

కుటుంబంతో సమయం గడపాలి అని ఈమధ్య అందరూ తెగ చెప్తున్నారు గానీ అందులో ఉన్న అసలు ఇబ్బందిని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఇబ్బంది ఏమిటంటే, కుటుంబంతో గడపాలంటే కుటుంబంతో ఉండాలి. తెల్లారకముందే లేచి చాపలు, క్యారియర్లు, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను మోసుకెళ్ళి డిక్కీలో సర్దాలి, అంతా సర్ది చేతులు దులుపుకునేసరికి టవళ్ళ సంచి అడుగున ఉండిపోయిందని ఎవరో ఒకరు అంటారు, మళ్ళీ అన్నీ దించాలి. ఈ చాకిరీ నుంచి మగజాతిని గట్టెక్కించే మార్గం ఒకటి నేను కనిపెట్టాను. జిల్లాలోని కుటుంబ పెద్దలు దీన్ని శ్రద్ధగా పరిశీలించాలని మనవి.

దాని పేరు హాఫ్ మారథాన్.

సంక్రాంతి వెళ్ళాక వచ్చిన ఆదివారం మైపాడు బీచ్‌కి పోదామని ఇంట్లో తీర్మానమైంది. నెల్లూరు నుంచి మైపాడు 22 కిలోమీటర్లని ఎవర్నడిగినా చెప్తారు. హాఫ్ మారథాన్ 21.0975 కిలోమీటర్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన కనబడ్డాక ఊరుకోవడం ఎవరి తరం? సముద్రం సరిగ్గా అంత దూరంలో ఎందుకుందో నాకు ఆ రోజే అర్థమైంది.

21 తర్వాత ఆ చిల్లర తోక ఎందుకని మా ఆవిడ అడగలేదు గానీ నేను చెప్పాను. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగిసేలా పెట్టారు, కొలిస్తే 42.195 కిలోమీటర్లు తేలింది, 1921లో దాన్నే ఖాయం చేశారు, అందులో సగం నాది. అంటే కుటుంబం హాయిగా కూర్చుని ఉంటే ఒకడు ఎక్కడినుంచో రొప్పుకుంటూ వచ్చి వాళ్ళ ముందు కూలబడటం అనేది ఈ పరుగు పుట్టుకలోనే ఉంది. నా కొత్తదనం ఏమీ లేదు.

"రాణిగారు కూడా మూడున్నరకి లేచి పులిహోర కలిపిందా?" అంది.

చరిత్రకారులు అంతవరకూ పోలేదు.

శనివారం రాత్రి నేను చేసిన త్యాగం గురించి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాసుకోవాలి. మా అత్త కావలి నుంచి వచ్చి కొరమీను పులుసు పెట్టింది. ఆదివారం బీచ్‌లో తినడానికి శనివారమే పెట్టింది, ఎందుకంటే నెల్లూరు చేపల పులుసు మర్నాటికే కదా కుదురుకునేది, మామిడికాయ ముక్క పులుసంతా పీల్చుకుని, పైన నూనె తేలి, మూత తీస్తే పక్కింటోళ్ళకి కూడా ఆకలేసేలా ఉంటుంది. నేను ముట్టలేదు. పరుగుకి ముందు రాత్రి కారం, పులుపు తింటే దారిలో ఏమవుతుందో పరిగెత్తేవాళ్ళందరికీ తెలుసు, మైపాడు రోడ్డు మీద ఆ సంగతి తేల్చుకునే ధైర్యం నాకు లేదు. కార్బో లోడింగ్ అని, అంటే పరుగుకి ముందు ఒంట్లో పిండిపదార్థాలు దట్టించడం అన్నమాట, వరసగా మూడు పూటలు తెల్లన్నంలో పెరుగు కలుపుకుని తిన్నాను. నిజానికి మొలగొలుకుల బియ్యం పండే నేల మీద పుట్టినవాడికి ఇదేం కొత్త? నెల్లూరోళ్ళు ఊహ తెలిసినప్పటినుంచీ కార్బో లోడింగ్‌లోనే ఉన్నారు, పరుగు ఒక్కటే ఇంకా మొదలుపెట్టలేదు. తొమ్మిదికల్లా ఇంట్లో లైట్లు ఆర్పించాను, టీవీ కట్టించాను, బాత్రూమ్ తెల్లవారుజామున నాలుగు నుంచి నాలుగున్నర దాకా నాకే అని ప్రకటించాను. పరుగు ఒక్కడిదే అయినా నియమాలు ఇంటిల్లిపాదికీ ఉంటేనే క్రమశిక్షణ.

నాలుగూ ముప్పావుకి బయల్దేరాను. డిక్కీ సర్దే పని అప్పటికి మొదలుకాలేదని మాత్రం నమోదు చేయాలి.

నెల్లూరులో మైపాడు రోడ్డు వైపున్న మైపాడు గేటు దాటి ఊరు వెనకబడేదాకా కుక్కలు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత మొదలైంది మన జనం మంచితనం. పాల క్యాన్లతో ఎదురొస్తున్న ఒకాయన బండి ఆపి, వెనక్కి తిప్పుకుని మరీ వచ్చి, "ఏందన్నా, బండి చెడిపోయిందా? ఎక్కు, దింపుతా" అన్నాడు. వద్దన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఆటో అతను డబ్బులొద్దన్నాడు. ట్రాక్టరాయన ఇంకాస్త ముందుకు పోయి, "ఎవురన్నా తరుముతా ఉండారా?" అని నా వెనక చీకట్లోకి తొంగి చూశాడు. పెద్ద నగరాల్లో రన్నర్లకి దారి పొడుగునా చప్పట్లు కొట్టి ఉత్సాహపరుస్తారట. మా దగ్గర అలా కాదు, పరిగెత్తేవాణ్ణి ఎలాగైనా ఆపి కాపాడాలని చూస్తారు.

ఇందుకూరుపేటలో టీ బంకు దగ్గర నీళ్ళు తాగుతుంటే బెంచీ మీది తాత అడిగాడు, "షుగర్ ఎంతుందబ్బయా?"

"లేదు తాతా."

"బీపీనా?"

"అదీ లేదు."

కాసేపు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మరింక దేనికి?" అన్నాడు. అక్కడ కూర్చున్న నలుగురూ నావైపు తిరిగారు. చెప్పడానికి ఏమీ దొరక్క పరుగందుకున్నాను, ఆ రోజు మొత్తంలో నేను నిజంగా వేగంగా పరిగెత్తింది ఆ వంద మీటర్లే.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర మా కారు వచ్చింది. ఆరున్నరకి బయల్దేరారట, అందరూ స్నానాలు చేసి, ఇడ్లీలు తిని, తలల్లో పూలు పెట్టుకుని ఉన్నారు. మా బావమరిది నా పక్కనే నెమ్మదిగా నడుపుతూ, "బావా, ఫోటో తీస్తా, కొంచెం నవ్వు" అన్నాడు. అత్త కిటికీలోంచి తల బయటపెట్టి గొంతు తగ్గించి, "ఎక్కు నాయనా, ఎవురూ చూళ్ళేదులే, మేమెవురికీ చెప్పం" అంది. మా వాడు చిప్స్ ప్యాకెట్ చాపాడు. మా ఆవిడ అటువైపు కిటికీలోంచి నాట్లు చూస్తూ కూర్చుంది. నేను ఎక్కలేదు. కారు వెళ్ళిపోయాక కాసేపు ఆ పూల వాసన ఉంది.

ఆ తర్వాత అంతా రొయ్యల గుంటలు. గుంట నిండా ఏరేటర్లు గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. రొయ్యకి ఆక్సిజన్ కాస్త తగ్గితే చాలు, మనిషి రాత్రంతా కాపలా ఉండి మోటారేస్తాడు, కరెంటు పోతే జనరేటర్ వేస్తాడు. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర తొడలు ఒరుసుకుని మంటెత్తి, ఎడమ బొటనవేలి గోరు ఊడుతుందా ఉంటుందా అన్నట్టున్న నాకు మాత్రం ఏ ఏర్పాటూ లేదు. అంతదాకా ఎందుకు, బండలాగుడు పందెంలో ఒంగోలు గిత్తకైనా దిగగానే ఒళ్ళు తుడిచేవాడుంటాడు, ఇంటికెళితే ఉలవలు పెట్టేవాడుంటాడు.

సరే, సముద్రం వచ్చింది. వాచీ చూస్తే 20.2 కిలోమీటర్లు. మా ఇల్లు మైపాడు గేటు వైపే ఉందన్న సంగతి లెక్కలో తప్పిపోయింది. ఇంకా 900 మీటర్లు కావాలి, ముందర బంగాళాఖాతం. ఒక పడవకీ మొక్కజొన్న పొత్తుల బండికీ మధ్య 75 మీటర్లని అంచనా వేసుకుని, ఇసకలో అటూ ఇటూ పన్నెండు సార్లు తిరిగాను. మా వాడు గట్టిగా లెక్కపెట్టాడు. ఏడోసారికి పొత్తులమ్మే ఆమె ఊరుకోలేక మా ఆవిడ దగ్గరికెళ్ళి, "మొక్కుబడా అమ్మా?" అని అడిగింది. "అవును, నాదే" అంది మా ఆవిడ.

మూడు గంటల పద్దెనిమిది నిమిషాలు. లోకంలో గట్టివాళ్ళు ఇదే దూరాన్ని గంటలోపే ముగిస్తున్నారట. అంటే వాళ్ళకంటే మూడు రెట్లు ఎక్కువసేపు కష్టపడింది నేనే, దీని గురించి కూడా ఎవరూ మాట్లాడరు.

సరుగుడు చెట్ల కింద చాప మీద పడటం వరకే గుర్తుంది. లేచేసరికి ఒంటిగంట. పులుసు గిన్నె దగ్గరికి పాకాను, నడిచాను అంటే అబద్ధమవుతుంది. అందులో చారెడు పులుసు, రెండు మామిడికాయ ముక్కలు, ఒక కరివేపాకు రెబ్బ ఉన్నాయి. అత్త నొచ్చుకుంది పాపం, లేపాలని చూసిందట, లేవలేదట. మా ఆవిడ మాత్రం ప్లేటు నా ముందు పెట్టి, "నీకు కావాల్సింది కార్బోహైడ్రేట్లు కదా, అన్నం చాలా ఉంది" అంది. ఆ రోజు దిగిన నలభై చిల్లర ఫోటోల్లో అలలున్నాయి, ఇసక గూళ్ళున్నాయి, దాదాపు ప్రతిదాంట్లో వెనకాల టవల్ మొహాన కప్పుకుని కాళ్ళు బారచాపిన ఒక మనిషి ఉన్నాడు. ఫ్యామిలీ గ్రూపులో మా పెదనాన్న ఒక్కటే ప్రశ్న వేశాడు, "ఎవురా అది, తాగి పడున్నది?"

ఇన్ని ప్రయోజనాలున్నా ఈ పద్ధతికి ఇంట్లో రావలసిన ఆదరణ రాలేదు. వచ్చే నెల ట్రిప్ మా ఆవిడే ఖాయం చేసింది, పెంచలకోన. నరసింహస్వామి దర్శనం, పైన జలపాతం, అంతా బాగానే ఉంది గానీ, "దూరం చూసే పెట్టా, ఎనభై కిలోమీటర్లు, ఎట్టా పరిగెత్తుతావో చూస్తా" అంది, చాలా సంతోషంగా.

ఎనభైలో సగం ఎంతో ఆమె ఇంకా లెక్కేసినట్టు లేదు.