వద్దన్నదీ మీరే, కనమన్నదీ మీరే

ముగ్గురిని కనండి, కుదిరితే ఇంకొకరిని కూడా కనండి అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెద్దలు మైకు దొరికినప్పుడల్లా చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులోనే శాసనసభ ఎత్తేసింది. మంచిదే. ఎమ్మెల్యేకి, ఎంపీకి లేని షరతు వార్డు సభ్యుడికి ఎందుకో ముప్పై ఏళ్లలో ఏ పార్టీ చెప్పలేదు. మా అభ్యంతరమల్లా ఆ తప్పు దిద్దుకున్న నోటితోనే కొత్త హుకుం వినిపించడం.

వృద్ధులు పెరుగుతున్నారు, పనిచేసే వయసువాళ్లు తగ్గుతారు, జనాభాను బట్టి చేసే నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాదికి నష్టం జరుగుతుంది అన్నది వారి వాదన. అబద్ధమేమీ కాదు. కానీ సీట్ల పేచీ తేల్చుకోవాల్సింది ఢిల్లీలో. ప్రసూతి వార్డులో ఆ పంచాయితీ ఏమిటి?

జనం తమ అభిప్రాయం ఎప్పుడో చెప్పేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి దాదాపు ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామందికి పాతికేళ్లు నిండకముందే అది అయిపోయింది. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు, దాని మీద ఏ మంత్రీ ప్రసంగించిన దాఖలా లేదు. ఆరోగ్య కేంద్రం గోడ మీద కుటుంబ నియంత్రణ గుర్తుగా ఎర్ర త్రికోణం గీసింది ఎవరు? ఊళ్లో ఆరోగ్యం చూసే నర్సమ్మల (ఏఎన్ఎంల) నెత్తిన ఆపరేషన్ల టార్గెట్లు పెట్టింది ఎవరు? ప్రభుత్వమే. 1997లో రాష్ట్ర జనాభా విధానం వచ్చినప్పుడు ముఖ్యమంత్రి కూడా ఈ చంద్రబాబు నాయుడే.

అప్పుడు వద్దన్నారు, ఆడవాళ్లను అడగలేదు. ఇప్పుడు కనమంటున్నారు, ఇప్పుడూ అడగలేదు.

అడిగితే లెక్క వాళ్లే చెబుతారు. చట్టం ప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు, మూడో కాన్పుకు 12 వారాలే. కూలికి వెళ్లే ఆమెకు ఆ పన్నెండూ లేవు. పిల్లలు ఎంతమంది ఉన్నా అందరికీ 'తల్లికి వందనం' కింద చదువుకు డబ్బు ఇస్తున్నాం కదా అంటారు. ఒక్కో బిడ్డకు ఏడాదికి 15 వేలు, అందులో 2 వేలు బడి నిర్వహణకు పోగా చేతికొచ్చేది 13 వేలు. అదీ ఒకటో తరగతిలో చేరాకే. అప్పటిదాకా పాల డబ్బాకీ, జ్వరం మందుకీ, బిడ్డను చూసుకుంటూ వదులుకున్న కూలికీ ఎవరు పూచీ? ఇది చాలదన్నట్టు, మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని అధికార పార్టీ ఎంపీ ఒకరు 2025 మార్చిలో ప్రకటించారు. ప్రోత్సాహమట!

రేపు లెక్కలు మళ్లీ తిరగబడితే, మళ్లీ ఆపరేషన్ క్యాంపులు పెడతారా? మూడో బిడ్డ గురించి ఊరూరా చెబుతున్న నాయకులు ముందు తమ ఇంట్లో కూతుళ్లను, కోడళ్లను అడిగి చూడాలి. అక్కడ వచ్చే జవాబు విన్నాక కూడా మొహం చెల్లితే, అప్పుడు వేదిక ఎక్కండి.