చచ్చినా మర్యాద తప్పనివాళ్లు

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మనవాళ్లు ఊరికే వెక్కిరిస్తారు. మర్యాద విలువ తెలియక. తెలియాలంటే 1859లో కెనడా ఉత్తరాన, కింగ్ విలియం దీవిలో, తప్పిపోయిన ఓ బృందాన్ని వెతుకుతూ వెళ్లిన నావికుడు మెక్‌క్లింటాక్ చూసిన పడవ గురించి వినాలి.

స్లెడ్జి, అంటే మంచు మీద ఈడ్చే బండి, దాని మీద ఎక్కించిన పడవ. రెండూ కలిసి 600 కిలోల పైమాటే. అందులో పట్టు చేతిరుమాళ్లు, సబ్బు, స్పాంజి, పళ్ల బ్రష్షు, దువ్వెనలు, వెండి చెంచాలు, ఫోర్కులు. తినడానికి కాస్త టీ ఆకు, 18 కిలోల దాకా చాక్లెట్. మాంసం లేదు, బిస్కెట్లు లేవు. పడవలోనే రెండు అస్థిపంజరాలు. అది సర్ జాన్ ఫ్రాంక్లిన్ బృందం సామాను. నడవడానికే ఓపిక లేని మనుషులు దీన్నంతా మంచులో ఈడ్చుకొచ్చారు. ఎంతైనా ఫోర్కు లేకుండా ఆకలితో చావడం మొరటుతనం కదా!

పసిఫిక్‌కు దారి వెతకమని బ్రిటిష్ నౌకాదళం 1845లో ఈ ఫ్రాంక్లిన్ నాయకత్వంలోనే రెండు ఓడలు పంపింది. మూడేళ్ల తిండి, వెయ్యికి పైగా పుస్తకాలు, తిప్పితే 50 పాటలు పలికే వాయిద్యం, అన్నీ సర్దారు. అక్కడే తరతరాలుగా పిల్లాపాపలతో బతుకుతున్న ఇనూయిట్లను ఒక మాట అడగడం మాత్రం జాబితాలో లేదు. అడిగితే ఏం చెబుతారు? తోలు బట్టలు కట్టుకోమంటారు, సీల్ మాంసం పచ్చిగా తినమంటారు. పచ్చిమాంసం, చిగుళ్లు రక్తం కార్చే స్కర్వీ జబ్బును దగ్గరికి రానివ్వదట. అయితే మాత్రం? దొరలు ఉన్ని కోట్లలో చెమటపట్టి, ఆ చెమట గడ్డకట్టి, పద్ధతిగా వణికారు.

పద్ధతి తప్పినవాడు ఒకడున్నాడు. ఉత్తర కెనడాలో తిరిగిన స్కాట్లాండ్ అన్వేషకుడు, డాక్టర్ జాన్ రే. ఇనూయిట్ల దగ్గర విద్య నేర్చుకుని మంచు ఇళ్లలో పడుకునేవాడు. పైగా వాళ్ల మాట నమ్మాడు కూడా! ఫ్రాంక్లిన్ మనుషులు ఆకలికి తాళలేక తోటివాళ్ల శవాలను తిన్నారని వాళ్లు చెబితే, 1854లో ఆ సంగతి లండన్‌కు మోశాడు. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ అంతటివాడు కలం పట్టి, అడవిమనుషుల మాట నమ్ముతారా అని ఏకిపారేశాడు. సాక్షి అబద్ధమాడాడని, సాక్షిని చూడకుండానే తేల్చాడు. తరవాత ఆ ఎముకల మీద కత్తిగాట్లు కనబడ్డాయనుకోండి, అది వేరే సంగతి; వందేళ్ల పైనే పట్టింది. ఓడలు కూడా 2014లో ఒకటి, 2016లో ఒకటి, ఇనూయిట్లు చెప్పిన వైపే దొరికాయి. తొందరేముంది?

డాక్టర్ జాన్ రేకు సర్ బిరుదు ఇవ్వలేదు. ఫ్రాంక్లిన్‌కు మాత్రం 1852లో రియర్ అడ్మిరల్‌గా పదోన్నతి వచ్చింది. ఆయన 1847 జూన్‌లోనే పోయాడు. పోయినట్టు ఆఫీసుకు కాగితం అందలేదు మరి.

వెళ్లిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఇనూయిట్ల దగ్గర రే కొన్న వెండి చెంచాలు, ఫోర్కులు ఇంగ్లండు చేరాయి. వాటి మీది ఇంటిచిహ్నాలు చెక్కుచెదరలేదు.