తుపాకీ ఇచ్చినవాడిని వదిలేసి పిల్లాడి మీద కేసా?

మావోయిస్టు ఉద్యమం ముగింపు గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. 2025 అక్టోబరులో గడ్చిరోలిలో ఆ పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయారు. నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో హిడ్మా ఎన్‌కౌంటర్ జరిగింది. అప్పటి నుంచి టీవీ చర్చలన్నీ ఇంకా ఎవరు మిగిలారు, ఎవరి తలపై ఎంత రివార్డు అన్నదాని చుట్టూనే తిరుగుతున్నాయి. నా ఆలోచన మాత్రం ఆ జాబితాల్లో లేనివాళ్ల గురించి. పన్నెండు పదమూడేళ్లకే మావోయిస్టుల బాలల సంఘంలో చేరి, సంచులు మోసి, కబుర్లు చేరవేసి, కాపలా కాసి, పదహారేళ్లు వచ్చేసరికి తుపాకీ పట్టినవాళ్లు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఉన్నారు. వాళ్లు దొరికితే ఏం చేయాలి? కేసు పెట్టి బోనెక్కించాలా, బడికి పంపాలా?

బడికే పంపాలి. జాలిపడి చెబుతున్న మాట కాదిది. పిల్లాడిని శిక్షిస్తే లాభపడేది వాడిని అడవిలోకి తీసుకెళ్లినవాడే.

మన ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల వాళ్లకు ఈ విషయం కొత్తగా చెప్పక్కర్లేదు. పెద్దదోర్నాల, యర్రగొండపాలెం, త్రిపురాంతకం, అర్ధవీడు వైపు నలభై దాటినవాళ్లకు దళాల కాలం గుర్తుంటుంది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో శాంతి చర్చలకని మావోయిస్టు నేత రామకృష్ణ బృందం అడవి నుంచి బయటికొచ్చింది మన చిన్నారుట్ల దగ్గరే. హైదరాబాద్‌లో భూమి మీద మొదలైన చర్చలు ఆయుధాల దగ్గర చెడిపోయాయి. తర్వాత కూంబింగ్‌లు, ఎన్‌కౌంటర్లు, నల్లమల నుంచి దళాల ఖాళీ అన్నీ తెలిసినవే. ఆ ఏళ్లలో చెంచు గూడేలకు పగలు పోలీసులు వచ్చేవాళ్లు, రాత్రి అన్నలు వచ్చేవాళ్లు. అన్నం పెడితే ఒకరికి కోపం, పెట్టకపోతే ఇంకొకరికి. అలాంటి చోట పద్నాలుగేళ్ల కుర్రాడు దళం వెంట నడిచాడంటే, వాడు ఆలోచించి ఎంచుకున్న దారి అని ఎవరనగలరు?

పిల్లల్ని సైన్యంలో వాడుకున్న ముఠాలు ఎలా పనిచేశాయో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని సియెరా లియోన్‌లో 1991 నుంచి 2002 దాకా సాగిన యుద్ధంలో ఆర్‌యూఎఫ్ అనే తిరుగుబాటు సేన ఊళ్ల మీద పడి పిల్లల్ని ఎత్తుకెళ్లింది. కొందరి ఛాతీ మీద బ్లేడుతో తమ సేన పేరు చెక్కింది. పారిపోయినా ఆ అక్షరాలు చూసి సైన్యమో, ఊరివాళ్లో చంపేస్తారని పిల్లలకు తెలుసు. ఉత్తర ఉగాండాలో జోసెఫ్ కోనీ నడిపిన ఎల్ఆర్ఏ అనే తిరుగుబాటు సేన ఇంకా ఘోరం. ఎత్తుకెళ్లిన పిల్లల చేతే వాళ్ల ఇరుగుపొరుగును, కొన్నిసార్లు సొంతవాళ్లను కొట్టించి చంపించింది. ఇదంతా క్రూరత్వం కోసం చేసింది కాదు, లెక్క వేసుకుని చేసిన పని. ఆ ఒక్క హత్యతో పిల్లాడికి ఇంటి తలుపు మూసుకుపోతుంది. ‘ఇక నీకు మేమే దిక్కు, బయటికెళ్తే ఉరే’ అని చెప్పడానికి నాయకుడికి ఆధారం దొరుకుతుంది.

అలాంటి పిల్లాడు ఎలాగో ప్రాణాలకు తెగించి పారిపోయి వస్తే, మనం చేతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లామనుకోండి. నాయకుడు చెప్పిందే నిజమైంది. అడవిలో మిగిలిన పిల్లలకు ఆ కబురు రేడియోలో చేరుతుంది, చేరకపోతే నాయకుడే చేరుస్తాడు. బేడీలు పడిన ప్రతి పిల్లాడూ ఇంకో పదిమందిని అడవిలో కట్టిపడేస్తాడు. శిక్షతో భయపెట్టి పిల్లల్ని ఆపుతామనేవాళ్లు ఈ ఒక్క విషయం పట్టించుకోరు. ఎత్తుకెళ్లిన పిల్లాడిని ఏ శిక్షా ఆపలేదు, ఎందుకంటే వెళ్లాలని నిర్ణయించింది వాడు కాదు. వాడి చేతిలో ఉన్న నిర్ణయం ఒక్కటే, తిరిగి రావాలా వద్దా అన్నది. శిక్ష ఆ ఒక్కదాన్నీ చెడగొడుతుంది.

ఎదుటివాళ్ల మాట తీసిపారేసేది కాదని ఒప్పుకుంటాను. పదిహేడేళ్లవాడు పేల్చిన మందుపాతరకు చనిపోయిన కానిస్టేబుల్ భార్యకు, పేల్చినవాడి వయసుతో పనిలేదు. ఆమె కోపం న్యాయమైనదే. పిల్లలకు శిక్ష ఉండదని తెలిస్తే ముఠాలు వాళ్ల చేతే హత్యలు చేయిస్తాయనే వాదనా ఉంది. దీనికి జవాబు పిల్లాడి మెడకు ఉచ్చు బిగించడంలో లేదు, చేయించినవాడి మెడకు బిగించడంలో ఉంది. కాంగోలో పదిహేనేళ్లలోపు పిల్లల్ని సేనలో చేర్చుకున్నందుకు తిరుగుబాటు నాయకుడు థామస్ లుబాంగాకు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2012లో 14 ఏళ్ల శిక్ష వేసింది. ఆ కోర్టు ఇచ్చిన మొట్టమొదటి తీర్పే అది. నేరం జరిగే నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను విచారించే అధికారం అసలా కోర్టుకు లేదు. తొమ్మిదేళ్ల వయసులో ఎల్ఆర్ఏ ఎత్తుకెళ్లిన డొమినిక్ ఆంగ్వెన్‌కు 2021లో 25 ఏళ్ల జైలు పడిందంటే, అది పెద్దవాడై కమాండర్‌గా చేసిన ఘోరాలకు. చిన్నప్పటి పనులకు కాదు. గీత గీయాల్సింది అక్కడే.

మన చట్టం సంగతికొద్దాం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 83వ సెక్షన్ ప్రకారం, సాయుధ ముఠాలు పిల్లల్ని చేర్చుకున్నా, ఏ పనికి వాడుకున్నా ఏడేళ్ల దాకా కఠిన జైలు, ఐదు లక్షల రూపాయల జరిమానా ఉంటాయి. మంచి సెక్షన్. సాయుధ ఘర్షణల్లో నలిగిన పిల్లాడిని ‘సంరక్షణ అవసరమైన బాలుడు’గా చూడాలని కూడా అదే చట్టం చెబుతోంది. అంటే వాడిని బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. కానీ అదే చట్టంలోని 15వ సెక్షన్, పదహారు దాటినవాడి మీద హత్యలాంటి ఘోర నేరం ఉంటే పరీక్షించి పెద్దవాళ్లలా విచారణకు పంపొచ్చంటోంది. 2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత జనంలో రగిలిన కోపంలోంచి వచ్చిన సెక్షన్ అది. ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో అందరికీ తెలుసు. దళంలో తిరిగిన గిరిజన కుర్రాడిని దృష్టిలో పెట్టుకుని మాత్రం రాయలేదు. అయినా వాడికీ వర్తిస్తుంది.

కాబట్టి ఒకే కుర్రాడికి చట్టంలో రెండు తలుపులున్నాయి. సంక్షేమ కమిటీ తలుపు తెరుచుకుంటే బాధితుడు. నేర విచారణ తలుపు తెరుచుకుంటే నిందితుడు, కొన్నిసార్లు పెద్దవాళ్లతో సమానమైన నిందితుడు. ఏ తలుపో తేలేది పార్లమెంటులో కాదు. పట్టుకున్న రాత్రి స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాసేవాళ్లు వాడి పేరు ముందు ఏం రాస్తారన్నదాన్ని బట్టి తేలుతుంది. ఇంత పెద్ద నిర్ణయం ఆ ఒక్క రాతకు వదిలేయడం నాకు దారుణంగా అనిపిస్తుంది. సాయుధ ముఠా వాడుకున్న పిల్లాడికి 15వ సెక్షన్ వర్తించదని ఒక్క వాక్యం చేర్చడానికి పార్లమెంటుకు ఎంతసేపు పడుతుంది? పిల్లల్ని యుద్ధాల్లో వాడటంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2005లోనే ఆమోదించింది. అలాంటి పిల్లలు కోలుకుని సమాజంలో కలిసిపోయేలా సాయం చేస్తామని అందులో మాటిచ్చాం.

తప్పు మావోయిస్టుల వైపే లేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిపిన సల్వాజుడుం కాలంలో నెలకు మూడు వేల రూపాయలిచ్చి, ఐదో తరగతి పాసైతే చాలనుకుని గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చింది. 2011 జులైలో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ప్రభుత్వమే పెద్దగా చదువులేని కుర్రాళ్లను ముందుకు తోసిన చోట, అవతలివైపు కుర్రాడి మీద మాత్రమే చట్టం కన్నెర్ర చేస్తే దాన్ని న్యాయం అనలేం.

పునరావాసం అనగానే అది మెత్తని దారి అనుకుంటారు. నిజానికి జైల్లో వేయడమే తేలిక, ఖర్చు కూడా ఆలోచన కూడా తక్కువ. సియెరా లియోన్‌లో దాదాపు 6,800 మంది పిల్లల్ని సేనల నుంచి విడిపించి ఇళ్లకు చేర్చారు. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల మధ్యవాళ్లను విచారించే అధికారం అక్కడి ప్రత్యేక కోర్టుకు ఉన్నా, పిల్లల జోలికి వెళ్లనని ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్ 2002లోనే ప్రకటించాడు. ఆ కోర్టే 2012లో లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 50 ఏళ్ల శిక్ష వేసింది. అతని నేరాల్లో పిల్లల్ని సేనలో వాడటం ఒకటి. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా పరిశోధకురాలు థెరిసా బెటాన్‌కోర్ట్ బృందం వెంట ఉండి పరిశీలించింది. ఊరు ఆదరించినవాళ్లు, చదువు కొనసాగించినవాళ్లు కోలుకున్నారు. ఊరు వెలేసినట్టు చూసినవాళ్లు కుంగిపోయారు. చూసిన ఘోరాలెంత ముఖ్యమో, తిరిగొచ్చాక ఊరు చూసిన చూపూ అంతే ముఖ్యమని తేలింది. అక్కడ జరిగిన పెద్ద పొరపాటు ఆడపిల్లల విషయంలో. విడిపించిన పిల్లల్లో పదిమందికి ఒక్క ఆడపిల్ల కూడా లేదు. తుపాకీ చూపిస్తేనే సైనికులుగా లెక్కపెట్టడం దానికి ఒక ముఖ్య కారణం. వండిపెట్టిన, మోతలు మోసిన, కమాండర్ల చేతుల్లో నలిగిన ఆడపిల్లల దగ్గర చూపించడానికి తుపాకీ ఎక్కడిది?

మన లొంగుబాటు పథకం కూడా అదే తప్పు చేస్తోంది. కేంద్రం పథకంలో పై స్థాయి నాయకులకు ఐదు లక్షలు, మిగతావాళ్లకు రెండున్నర లక్షలు, శిక్షణ కాలంలో మూడేళ్లు నెలకు పదివేలు, ఆయుధం అప్పగిస్తే అదనం. ఇదంతా హోదాకూ ఆయుధానికీ కట్టిన వెల. వంటపాత్రలు మోసిన పద్నాలుగేళ్ల అమ్మాయికి ఈ పట్టికలో చోటెక్కడ? ఆమెకు కావాల్సింది లక్షలు కాదు. ఆగిపోయిన ఆరో తరగతి, వైద్యం, తనవాళ్ల దగ్గరికి భయం లేకుండా చేరే దారి. నేపాల్‌లో శాంతి ఒప్పందం తర్వాత మావోయిస్టు శిబిరాల్లో 2,973 మంది మైనర్లు తేలితే, 2010లో వాళ్లను ‘అనర్హులు’ అని ముద్ర వేసి బయటికి పంపారు. పెద్దవాళ్లకు సైన్యంలో చోటో, డబ్బో దక్కింది. వీళ్లకు నాలుగు శిక్షణ కోర్సులు, మోయలేని అవమానం దక్కాయి. ఏళ్ల తర్వాత కూడా వాళ్లు కాట్మండు వీధుల్లో నినాదాలు చేస్తూ వచ్చారు. కేసు పెట్టకపోవడమే పునరావాసం కాదు.

ఇక్కడ నెల్లూరు జిల్లా సొంత చరిత్ర ఒకటి గుర్తు చేయాలి. మనుషుల మీద ముద్ర వేస్తే ఏమవుతుందో మనకు సియెరా లియోన్ చెప్పక్కర్లేదు, కావలి చెబుతుంది. 1871లో బ్రిటిషువాళ్లు తెచ్చిన నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ తర్వాత ఎరుకల కుటుంబాలను కావలి సెటిల్‌మెంట్‌లో పెట్టారు. నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషన్. ‘సంస్కరిస్తున్నాం’ అన్నారు. వేలిముద్రలు, హాజరు, పాసు లేకుండా గడప దాటకూడదన్న నిబంధన, ఇవన్నీ ఆ సంస్కరణలో భాగం. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. పుట్టడమే నేరమైన పిల్లలు వాళ్లు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గానీ ముద్ర పోయిందా? ఎక్కడో దొంగతనం జరిగితే ఇప్పటికీ ముందుగా ఏ కాలనీ తలుపు కొడతారో నెల్లూరు జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. నాలుగు తరాలు గడిచినా ఆ పేరు వెంటాడుతోంది.

అందుకే బాల సైనికులకు పునరావాసం కావాలనేవాళ్లలో కొందరితో కూడా నాకు పేచీ ఉంది. ఊరికి దూరంగా పెద్ద గోడల మధ్య ‘పునరావాస కేంద్రం’ కట్టి, అందులో వీళ్లనే ఉంచి, గేటు దగ్గర పోలీసును కూర్చోబెడితే అది ఇంకో కావలి సెటిల్‌మెంటే. ఈ పిల్లల్ని మామూలు గిరిజన ఆశ్రమ పాఠశాలలో, మామూలు పిల్లల మధ్య, పాత సంగతి రికార్డుల్లో కనిపించకుండా చేర్చాలి. శిక్ష పూర్తయిన పిల్లాడి పాత రికార్డు చెరిపేయాలని జువెనైల్ చట్టం ఇప్పటికే చెబుతోంది. కేసే లేని పిల్లాడి పేరు స్టేషన్ రిజిస్టర్‌లో, ‘సోర్స్’లుగా, అంటే సమాచారమిచ్చేవాళ్లుగా, వాడుకునేవాళ్ల నోటు పుస్తకంలో ఎందుకుండాలి? విడిపించిన పిల్లాడిని కూంబింగ్‌కు దారి చూపించమని వెంట తీసుకెళ్లడం వాడిని మళ్లీ యుద్ధంలోకి దింపడమే. అటు కొరియర్, ఇటు ఇన్‌ఫార్మర్. పిల్లాడికి తేడా ఏముంది?

దళాలు పోయాయి కదా, నల్లమలలో ఈ చర్చెందుకని అడగొచ్చు. దళాలు పోయినా పిల్లల్ని వాటివైపు తోసిన పరిస్థితి అలాగే ఉంది. మార్కాపురం పలకలు దేశమంతటా బడులకు వెళ్లిన రోజుల్లోనే, బడికి పోవాల్సిన ఎందరో పిల్లలు అక్కడి పలకల ఫ్యాక్టరీల్లో దుమ్ము పీలుస్తూ పనిచేశారు. చెంచు పిల్లలు ఆశ్రమ పాఠశాల మధ్యలో మానేసి గూడెం చేరుతూనే ఉన్నారు. నెల్లూరు వైపు యానాది పిల్లలు అప్పు తీరేదాకా బాతుల వెంట, చేపల చెరువుల గట్ల మీద తిరుగుతున్నారు. బడి వదిలిన పిల్లాడి కోసం ఎవరో ఒకరు ఎప్పుడూ కాచుకునే ఉంటారు. ఒకప్పుడు దళం, ఇవాళ ఎర్రచందనం స్మగ్లరో, గంజాయి ముఠానో. 83వ సెక్షన్ రెండో భాగం ఈ ముఠాలకూ వర్తిస్తుంది. పట్టుబడిన కుర్రాడి ఫొటో పేపర్లో వస్తుంది గానీ, వాడిని పంపినవాడి మీద ఆ సెక్షన్ పెట్టారన్న వార్త నాకు కనిపించడం లేదు.

చివరికి అన్నీ వయసు దగ్గరికొచ్చి ఆగుతాయి. గూడెంలో పుట్టిన పిల్లాడికి జనన ధ్రువపత్రం ఉండదు, బడి రికార్డులో మాస్టారు రాసిన జూన్ ఒకటో తేదీ ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. అప్పుడు ఎముకల పరీక్ష చేస్తారు. ఆ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఆ రెండేళ్లే కుర్రాడి బతుకు. పుట్టినప్పుడు వాడి పేరు కూడా రాసుకోని ప్రభుత్వం, పట్టుబడ్డాక వాడు పెద్దవాడేనని నిరూపించడానికి ఎక్స్‌రే తీయిస్తోంది. తేడా వచ్చిన ప్రతిసారీ తక్కువ వయసునే తీసుకోవాలని, ఆ పిల్లాడిని ముందు సంక్షేమ కమిటీకే అప్పగించాలని రాష్ట్ర ప్రభుత్వం ప్రతి స్టేషన్‌కూ రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు.