బాల్కనీ మూకుట్లో ఉన్న మినీ యూపీఎస్ గారికి

మహారాజశ్రీ మినీ యూపీఎస్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉత్తరాన్ని ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఇక్కడ మేం కుశలమే. కరెంటు పోతే లోపలి బ్యాటరీతో ఇంటర్నెట్ రూటర్‌ను నడిపించాల్సిన మీరు మాత్రం బాల్కనీలో మట్టి మూకుట్లో, ఇసక మధ్యన, పూరీలా పొంగి పడుకున్నారు. కాబట్టి ఏక కుశలోపరి.

మొన్న మంగళవారం పొద్దున పదకొండింటికి చెట్టుకొమ్మలు కొట్టడానికని లైన్‌మ్యాన్ కరెంటు తీశాడు. అప్పటిదాకా మీ నెత్తిన పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతోంది. కరెంటు పోయిన మరుక్షణం అదీ పోయింది, రూటరూ పోయింది. లోపలి గదిలో బెంగళూరు ఆఫీసు మీటింగులో ఉన్న మా అమ్మాయి "నాన్నా, నెట్!" అని ఒక్క కేక. హాల్లో మా అత్తగారు ట్యాబులో ప్రవచనం వింటున్నారు. గురువుగారు నోరు తెరిచినవారు తెరిచినట్టే ఆగిపోయారు. "అయ్యో, ఆయనకేమైంది అల్లుడుగారూ" అని ఆవిడ కంగారు.

కరెంటు ఉన్నంతసేపూ, కరెంటు పోతే నేనున్నానని ధీమా ఇవ్వడమే తమరి ఉద్యోగమని నాకు తెలీలేదు. మా బంధువొకాయన ఉన్నాడు లెండి, కనిపించినప్పుడల్లా "అర్ధరాత్రయినా సరే, ఒక్క ఫోన్ కొట్టండి బావగారూ" అంటాడు. కొట్టాం ఒకసారి. స్విచ్చాఫ్. మీ ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ సరుకని నా అనుమానం.

మీకు ముందు మా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉండేది. గాలివానకు వీధంతా చీకటైనా అది మోగేది. దానికి మా ఇంటి కరెంటుతో పనే లేదు. ఎక్స్ఛేంజిలో పెద్ద పెద్ద బ్యాటరీలు ఉండేవి, వాటి 48 వోల్టులు రాగి తీగ మీదే ఇంటిదాకా నడిచొచ్చేవి. ఇప్పుడు రాగి పోయి గాజు వచ్చింది. ఫైబరు మోసేది వెలుగునే గాని కరెంటును కాదు. వెలుగు గుమ్మం దాకా వస్తుంది, దాన్ని చదివే పెట్టెకు కరెంటు లేక అక్కడే నిలబడుతుంది. ఆ గుమ్మంలో కాపలాకని మిమ్మల్ని పెట్టుకున్నాం. ఊరి పక్కన ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి థర్మల్ కరెంటు తయారవుతున్నా, బెజవాడలో మాకు ఈ కాపలా ఖర్చు తప్పలేదు.

మీ వంశం చిన్నదేం కాదు. మీ కడుపులో ఉన్న లిథియం అయాన్ బ్యాటరీని సోనీ వాళ్లు 1991లో మొదటిసారి అమ్మకానికి తెచ్చారు. ఆ బ్యాటరీ మూలపురుషుల్లో ఒకరైన శాస్త్రవేత్త జాన్ గుడినఫ్ 97 ఏళ్ల వయసులో, 2019లో నోబెల్ అందుకుని, నూరేళ్లు నిండాకే వెళ్లారు. మీరు రెండు ఎండాకాలాలకే మూకుడెక్కారు.

తప్పంతా మీదే అనను. వైరు పొట్టిదని రూటర్ నెత్తిమీద మిమ్మల్ని కూర్చోబెట్టింది నేనే. కింద రూటర్ వేడి, చుట్టూ రోహిణి కార్తె, పైగా రాత్రింబవళ్లు ప్లగ్గులోనే. వేడీ, ఎప్పుడూ నిండా చార్జింగులో ఉండటం, ఈ రెండూ లిథియం సెల్లులకు పడవట. పంక్తిలోంచి లేవనివ్వకుండా రెండేళ్లు వడ్డిస్తే పొట్ట ఉబ్బక ఏమవుతుంది?

మీ బదులు ఇంకొకరిని తేవడానికి గవర్నరుపేట వెళ్లాను. "రూటర్ ఎన్ని వోల్టులు మాస్టారూ?" అన్నాడు షాపాయన. "ఇంటర్నెట్ రూటరండీ" అన్నాను. ఆయన నావంక అదోలా చూసి, అడాప్టరు మీద రాసుంటుంది, ఫోటో తీసుకురండి అన్నాడు. స్కూటరేసుకుని సత్యనారాయణపురం వెనక్కొచ్చి, 12 వోల్టులు, ఒకటిన్నర యాంపు అని ఫోటో తీసుకెళ్లాను. (అమ్మాయిని వాట్సాప్‌లో పంపమంటే పోయేది కదా అని మీకు తట్టే ఉంటుంది. నాకు ఇంటి మెట్లెక్కుతుంటే తట్టింది.)

షాపులో సగం ధరకే కొన్ని ఉన్నాయి, ఒక్కో సెల్లు 9900 ఎంఏహెచ్ అట (సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత లెండి). షాపాయనే నవ్వి, "ఈ వేలెడంత గొట్టం సెల్లులో 3500 పడితే గొప్ప, తతిమ్మాదంతా సిరా" అన్నాడు. మీ వీపు మీద 8000 అని ఉండేది గుర్తుందా? అబద్ధం కాదు, కానీ గిద్దతో కొలిచిన లెక్క. సెల్లు దగ్గర 3.7 వోల్టుల మీద 8000. మా రూటర్ తాగేది 12 వోల్టుల సోలతో. అలా కొలిస్తే 2500 కూడా లేదు, మధ్యలో తరుగు వేరే. నాలుగు గంటలన్న మీరు కొత్తలోనూ రెండున్నర గంటలకే చేతులెత్తేసింది అందుకేనని అమ్మాయి లెక్కేసి చెప్పింది. నేను ఆ రోజుల్లో కేబుల్ కుర్రాణ్ణి తిట్టాను.

ఇక మీ అంత్యక్రియల సంగతి. పాత సామాన్లతను మిమ్మల్ని చూసి రెండడుగులు వెనక్కేసి, "ఉబ్బినవి వద్దండి, అంటుకుంటాయి" అన్నాడు. మీ పొట్ట కింద చెత్తబుట్ట మీద అడ్డంగా గీతలు కొట్టిన బొమ్మ ఉంది, అంటే మున్సిపాలిటీ బండిలోనూ వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించే బాధ్యత తయారీదారుదే. మీ తయారీదారు కస్టమర్ కేర్‌లో మూడు రోజులుగా సంగీతం వింటున్నాను. అందాకా ఆ మూకుడే మీ నివాసం. మా అత్తగారు దాని పక్కన తులసికుండీ పెట్టారు, ఎందుకో నేనడగలేదు.

చిత్తగించవలెను.

తా.క.: ఇది రాస్తుండగానే కరెంటు పోయింది. మీ వారసుడు నిలబడ్డాడు! రూటర్ లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఎల్ఓఎస్ అన్న చోట, అంటే ఫైబరులో వెలుగు రావడం లేదని చెప్పే చోట, ఎర్రలైటు కూడా, టపటపా కొట్టుకుంటూ. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేశాను. "మా రూములో యూపీఎస్ పడుకుంది అంకుల్, బ్యాటరీలు పోయినట్టున్నాయి" అన్నాడు. కాసేపాగి, "మొన్న మీరు కొత్తది కొన్నారంటగా, ఏ షాపండీ?" అన్నాడు.