పెన్నమ్మ లిఫ్టెక్కి రావాలబ్బా!

మా అపార్టుమెంటుకు ఇన్సూరెన్సు అక్కర్లేదని కమిటీ ఏడోసారి తేల్చింది. అసోసియేషన్ పుట్టినప్పటి నుంచి 20 ఫ్లాట్ల వాళ్ళూ గొడవ లేకుండా ఒప్పుకున్న విషయం ఇదొక్కటే. కాబట్టి ఆ వాదనల్ని భావితరాల కోసం రాసిపెట్టడం నా ధర్మం.

మాది నెల్లూరు. మాకు వానలంటే ఆషాఢ శ్రావణాలు కావు, ఆశ్వయుజ కార్తీకాలు. 2021 నవంబరులో సోమశిల డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళతో పెన్న పొంగి భగత్‌సింగ్ కాలనీని ముంచింది, పడుగుపాడు దగ్గర రైలుకట్టను కోసేసింది. మా స్టిల్టు పార్కింగులో మోకాలి లోతు నీళ్ళు. దానికి ముందటేడే ఇన్సూరెన్సు మాట వస్తే నాలుగో ఫ్లోరు ఆయన మీటింగులో లేచి, "నేనుండేది నాలుగో ఫ్లోరు. పెన్నమ్మ నా ఇంటికి రావాలంటే లిఫ్టెక్కి రావాలబ్బా. నేనెందుకు కట్టాల?" అన్నాడు. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఆయన చెప్పినట్టే పెన్నమ్మ నేరుగా లిఫ్టు దగ్గరికే వచ్చింది. గుంటలోకి దిగి కూర్చుంది. పక్కనున్న ప్యానెల్ బోర్డునూ, సంపు మోటారునూ కూడా పలకరించింది. మొదటి ఫ్లోరు వాళ్ళు బిందె ఎత్తుకుని ఒక అంతస్తు ఎక్కారు. ఆయన నాలుగు ఎక్కాడు, అదీ మూడో ఫ్లోరు మలుపులో బిందె దించి, మెట్టు మీద కూర్చుని, ఆయాసం తీరాక. తర్వాత రిపేరు బిల్లు అన్ని ఫ్లాట్లకూ సమానంగా పంచాం. ఏడాది ప్రీమియమైతే ఫ్లాటుకు ఇంటిల్లిపాదీ హోటల్లో చేపల పులుసు తిన్నంత. చేపల పులుసు అయితే కనీసం కడుపులోకి పోతుంది గదా అన్నది ట్రెజరర్ గారి లెక్క.

మొదటి ఫ్లోరు వాళ్ళది ఇంకో సిద్ధాంతం. లిఫ్టు ఎక్కం, లిఫ్టుకు కట్టం. టెర్రస్ కారితే అది పైవాళ్ళ గోల. అదే టెర్రస్ మీద ఎండాకాలంలో వడియాలు ఆరబెట్టేది మాత్రం వాళ్ళే. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం మెట్లూ పైకప్పూ లాంటివి పంచుకోవడానికి వీల్లేని ఉమ్మడి ఆస్తి అంటుంది. దస్తావేజులో అన్‌డివైడెడ్ షేర్ అని ఉంటుంది. అందరూ సంతకం చేసిన మాటే. చదివినట్టు మాత్రం ఎవరి మీదా అనుమానం రాదు.

ఈసారి ఏజెంటును పిలిపించాం. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీ వచ్చిందనీ, అగ్నిప్రమాదంతో పాటు వరద, తుపాను కూడా అందులోనే ఉంటాయనీ పాపం ఓపిగ్గా చెప్పాడు. నాలుగో ఫ్లోరు ఆయన ఇంట్లో హాలు ఫ్యాను కింద రెండేళ్ళుగా ప్లాస్టిక్ టబ్బు ఉంది. "దీనికిస్తారా?" అన్నాడు. ఏళ్ళ తరబడి కారేది ప్రమాదం కిందికి రాదు సార్, అది మెయింటెనెన్సు అన్నాడు ఏజెంటు. అంతే, సభ భగ్గుమంది. "చూశారా, ఏదీ ఇవ్వరు!" తీర్మానం ఆ ఊపులోనే పాసైపోయింది.

నిన్న ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు. ప్రెసిడెంటు గారు మర్యాదస్థులు, కాదనలేదు.

"కార్తీకం పోనీ సామీ, కూర్చుందాం. ఈ వానల్లో మీటింగుకు ఎవరొస్తారు?"