ఓఆర్‌ఎస్ అంటే ఏమిటో అమ్మకు ఎవరు చెప్పారు?

విరేచనాలతో ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను తిరిగి నింపేందుకు తాగించే ఉప్పు, గ్లూకోజు ద్రావణమే ఓఆర్‌ఎస్ (ఓరల్ రీహైడ్రేషన్ సొల్యూషన్). తియ్యటి పానీయాల డబ్బాల మీద ‘ఓఆర్‌ఎస్’ అనే పేరు ఉండకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరు 14న ఇచ్చిన ఆదేశం వెనుక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ చేసిన దాదాపు ఎనిమిదేళ్ల పోరాటం ఉంది. ఆమె హైకోర్టుకు వెళ్లారు, వీడియోల్లో తల్లులతో నేరుగా మాట్లాడారు, చివరికి గెలిచారు. ఆ గెలుపు వార్త చెబుతూ ఆమె కంటతడి పెట్టుకుంటే మనమంతా చూశాం, అభినందించాం. అయితే ఒక ప్రశ్న అలాగే మిగిలిపోయింది. చక్కెర నీళ్లను మందనుకుని తల్లులు ఇన్నేళ్లు ఎందుకు కొన్నారు? కంపెనీల దురాశ అన్నది సగం జవాబే. మిగతా సగానికి వైద్యులు బాధ్యత వహించాలి. ఆ మూడు ఇంగ్లిషు అక్షరాల అర్థాన్ని తల్లికి ఆమె భాషలో విడమరిచి చెప్పిన వైద్యులు మన దగ్గర బహు కొద్దిమంది. అర్థం తెలియని పేరును ఎవరు దేని మీద అంటించినా చెల్లుబాటైపోతుంది.

బెంగాలీలు ఈ పొరపాటు చేయలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి, నరాలకెక్కించే సెలైన్ నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. బంగ్లాదేశ్‌లో ఆ నీళ్లకు స్థిరపడిన పేరు ‘ఖాబార్ సెలైన్’, అంటే నోటితో తీసుకునే సెలైన్. ఆ పేరులోనే వైద్యమంతా ఉంది. మన ఊళ్లలో బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఇప్పటికీ ‘ఒక సెలైన్ ఎక్కించండి డాక్టరు గారూ’ అని బతిమాలతారు. ఆ సీసాలో ఉన్న మేలే ఈ ఓఆర్‌ఎస్ పొట్లంలోనూ ఉందని, చాలా సందర్భాల్లో సూది అవసరమే లేదని ఎవరైనా చెబితే కదా తెలిసేది! విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందినవారు సుమారు 60 శాతమేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క తేల్చింది.

ఓఆర్‌ఎస్ ఎలా పనిచేస్తుందన్నది సామాన్యులకు అర్థమయ్యే విషయం కాదని వైద్యులు అంటుంటారు. నేను ఒప్పుకోను. పేగు గోడలో ఒక ద్వారం ఉంది. ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే అది తెరుచుకుంటుంది, వాటి వెంట నీరు లోపలికి వెళుతుంది. కొత్త దంపతులను గుమ్మం దగ్గర ఆపి, ఒకరి పేరు ఒకరు చెబితేనే లోపలికి రానిచ్చే ఆడపడుచును చూడని తెలుగు ఇల్లుందా? మరి చక్కెర మోతాదు మించితే? మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి ఊట దిగుతుంది. పేగులో చక్కెర ఎక్కువైనా అంతే, ఒంట్లోని నీరు పేగులోకి ఊరి విరేచనాలు మరింత పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు అని అంత కచ్చితంగా లెక్క కట్టింది ఇందుకే. ఆ డబ్బాల్లోని చక్కెర దీనికి ఎన్నో రెట్లు. ఏటా మాగాయ పెట్టే ఇల్లాలికి ఈ మాట చెబితే చాలు, డబ్బా కొనడం ఆమే మానేస్తుంది. లీటరు నీళ్లకు సరిపడే పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపితే ఎందుకు ప్రమాదమో, పొడిని అంచనాగా కొంచెం కొంచెం తీసి కలుపుకుంటే ఎందుకు పనికిరాదో కూడా ఆ ఊట గుర్తుతోనే ఆమెకు తెలుస్తుంది.

చెప్పడం ఒక ఎత్తు, అవతలివారికి చేరిందో లేదో చూసుకోవడం మరో ఎత్తు. ఈ విషయంలో నన్ను అన్నిటికంటే కదిలించినది 1980 నుంచి పదేళ్లపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ చేసిన పని. శిక్షణ పొందిన మహిళలు కోటికి పైగా ఇళ్లకు వెళ్లి, మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు ఎలా కలపాలో తల్లుల చేతనే చేయించారు. తర్వాత వేరే బృందం కొన్ని ఇళ్లకు వెళ్లి ఆ తల్లులకు ఎంత గుర్తుందో పరీక్షించేది. తల్లికి గుర్తున్నదాన్ని బట్టే నేర్పిన మనిషికి జీతం! మరచిపోయారంటే తప్పు తల్లిది కాదు, నేర్పిన తీరుది. ఈ కొలతను మన ఆరోగ్య శాఖలు ఎందుకు అందుకోలేదు? ఎన్ని పొట్లాలు పంచారో రాసుకునే రిజిస్టరు మన దగ్గర ఉంది. ఎందరు తల్లులకు కలపడం వచ్చో రాసుకునే రిజిస్టరు ఏది? వైద్యుల వీడియోలనూ ఇలాగే తూచాలి. ఎన్ని లక్షల మంది చూశారన్నది నాకు అక్కర్లేదు, చూసినవాళ్లలో ఎంతమంది సరిగ్గా చేయగలిగారన్నదే కావాలి.

ఓపీలో వంద మంది బారులు తీరి ఉంటే ఇంత తీరికగా మాట్లాడేదెవరని వైద్యులు అడుగుతారు. అరకొర జ్ఞానంతో జనం సొంత వైద్యానికి దిగుతారన్న భయమూ ఉంది. వాళ్ల పని ఒత్తిడి నిజం. కానీ వైద్యుడు మౌనంగా ఉన్నచోట ప్రకటన మాట్లాడుతుంది, మందుల షాపు కుర్రాడు మాట్లాడతాడు. సొంత వైద్యం అక్కడే మొదలవుతుంది.

అసలు రోగం భాషలో ఉంది. 2022లో ఆ తియ్యటి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ పేరును ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతించినప్పుడు, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదన్న హెచ్చరిక ముద్రించాలని షరతు పెట్టారు. ఆ హెచ్చరిక ఇంగ్లిషులో! నల్గొండలోనో నర్సీపట్నంలోనో ఏడ్చే బిడ్డను చంకనేసుకున్న తల్లి దాన్ని చదివి జాగ్రత్త పడాలట. నిజాం కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యశాస్త్రాన్నే ఉర్దూలో బోధించింది. వందేళ్ల తర్వాత మనం ఒక పొట్లం మీద నాలుగు వాక్యాలు తెలుగులో వేయించుకోలేకపోతున్నాం. డాక్టర్ సమరం వంటివారు దశాబ్దాలుగా తెలుగులో వైద్యం గురించి రాస్తూ, తెలుగు చాలదన్న వాదనను ఎప్పుడో తోసిపుచ్చారు. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే నైపుణ్యమూ చేరింది. అయితే ఆ పరీక్షను తెలుగులో పెట్టాలి, రోగి ఎదుట పెట్టాలి. విద్యార్థి చెప్పిందంతా విన్నాక ఆ రోగి తిరిగి చెప్పగలిగినదానికే మార్కులు వేయాలి. ఈ వానాకాలం విరేచనాలు మొదలయ్యేలోపు మన రెండు తెలుగు ప్రభుత్వాలూ లీటరు నీళ్లకు సరిపడే ప్రతి ఓఆర్‌ఎస్ పొట్లం మీద పెద్ద అక్షరాలతో అచ్చువేయించాల్సిన మాటలు ఇవి: ‘తాగే సెలైన్. పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపండి. కలిపిన నీళ్లు ఒక్క రోజే వాడండి.’